బొమ్మ ముందు నోరు పెగలాలంటే

ఇంగ్లీషు పరీక్షలో ఫోటో చూపించి మాట్లాడమంటారు. మన పిల్లలకు మాటలు లేక కాదు, చూసింది చెప్పే అలవాటు తప్పిపోయి ఆగిపోతున్నారు. ఆ అలవాటు తిరిగి పట్టుబడే దారి రాయచోటి వీధుల్లోనే ఉంది.

రాయచోటిలో పాస్‌పోర్టు కొత్త వస్తువు కాదు. బీరువాలో పట్టుచీరల కింద, పొలం పాసుపుస్తకం పక్కన అది కూడా ఉంటుంది. గాలివీడు, లక్కిరెడ్డిపల్లె, సంబేపల్లె, చిన్నమండెం, వీరబల్లి... ఈ చుట్టుపక్కల మండలాల నుంచి తరాలు మారినా కువైట్ ప్రయాణాలు ఆగలేదు. మగవాళ్లు డ్రైవింగుకు, ఆడవాళ్లు ఇంటిపనికి. ఆ ప్రయాణానికి మెడికల్ కావాలి, వీసా కావాలి, ఏజెంటుకు కట్టడానికి అప్పు పుట్టాలి. ఇంటిపనికి పోయే ఆడమనిషికి ముప్పై ఏళ్లు నిండి ఉండాలని మన ప్రభుత్వం నిబంధన కూడా పెట్టింది. భాషా పరీక్ష మాత్రం ఎవరూ పెట్టలేదు. అరబ్బీ అక్కడికి పోయాకే వచ్చింది, వంటింట్లో, కారు స్టీరింగు ముందు, కూరగాయల అంగట్లో.

ఆ జీతాలతో చదువుకున్న పిల్లలు ఇప్పుడు మెల్‌బోర్న్, టొరంటో అంటున్నారు. బీటెక్ పట్టా చేతిలో ఉంది, బ్యాంకు లోను కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. మధ్యలో ఒక పరీక్ష ఉంది. అందులో చదవడం, రాయడం, వినడం ఎట్లాగో గట్టెక్కుతున్నారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నప్పుడు తెర మీద ఒక ఫోటోనో గ్రాఫో కనిపించి, దీని గురించి మాట్లాడు అన్నప్పుడు చాలామందికి గొంతు ఆరిపోతోంది. అమ్మ పరాయి దేశంలో పరాయి భాషను వస్తువుల్ని చూసి, వేలు పెట్టి చూపించి, పేరు అడిగి నేర్చుకుంది. పదహారేళ్లు బడిలో కూర్చున్న బిడ్డ ఒక్క బొమ్మ ముందు మూగబోతోంది. ఇది తెలివికి సంబంధించిన సంగతి కాదు. మనం వాళ్లకు ఏం నేర్పామో, ఏం నేర్పలేదో చూసుకోవాల్సిన సంగతి.

పరీక్ష ఏం అడుగుతుంది?

ఆస్ట్రేలియాకు పోయేవాళ్లు మనవైపు ఎక్కువగా రాస్తున్నది పీటీఈ. పియర్సన్ సంస్థ 2009లో మొదలుపెట్టిన ఈ పరీక్ష మొత్తం కంప్యూటర్ మీదే జరుగుతుంది. అందులో డిస్క్రైబ్ ఇమేజ్ అనే ప్రశ్నలో బొమ్మ కనిపించాక ఆలోచించుకోవడానికి 25 సెకన్లు, మాట్లాడటానికి 40 సెకన్లు ఇస్తారు. బొమ్మ అంటే ఒక్క ఫోటోనే కాదు. గీతల గ్రాఫ్, బార్ చార్ట్, పై చార్ట్, పట్టిక, మ్యాపు, ఏదైనా పని వరసగా జరిగే తీరు చూపించే చిత్రం, వీటిలో ఏదైనా రావచ్చు. బీప్ వినిపించగానే మొదలుపెట్టాలి. మూడు సెకన్లు నోరు మూసుకుంటే మైకు దానంతట అదే ఆగిపోతుంది, మళ్లీ తెరుచుకోదు. కెనడాలో స్థిరపడాలనుకునే వాళ్లకు 2024 మొదట్లో అందుబాటులోకి వచ్చిన పీటీఈ కోర్‌లో కూడా ఈ ప్రశ్న ఉంది.

డుయోలింగో పరీక్షలో 20 సెకన్లు ఫోటో చూసి, కనీసం 30 సెకన్లు, గరిష్ఠంగా 90 సెకన్లు మాట్లాడాలి. అది ఇంట్లో కూర్చుని రాసే పరీక్ష. అయినా పక్కన కాగితం, పెన్ను పెట్టుకోకూడదు. కెనడా వాళ్ల సెల్పిప్‌లో ఒక దృశ్యం చూపించి 30 సెకన్ల తర్వాత ఒక నిమిషం వర్ణించమంటారు. ఆ వెంటనే అదే బొమ్మ మీద, ఇందులోవాళ్లు తర్వాత ఏం చేస్తారో ఊహించి చెప్పమంటారు. కేంబ్రిడ్జి బీ2 ఫస్ట్ పరీక్షలో ఎదురుగా మనిషే ఉంటాడు. రెండు ఫోటోలు ఇచ్చి, రెండింటినీ పోల్చి ఒక నిమిషం మాట్లాడమంటాడు.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లు ఇది మాకు అక్కర్లేదనుకుంటారు. అక్కడ స్పీకింగులో బొమ్మ ఉండదు, ఒక చీటీ మీద విషయం ఇస్తారు, నిజమే. కానీ అకడమిక్ రైటింగులో మొదటి ప్రశ్న గ్రాఫ్ మీదే వస్తుంది. నోటితో గ్రాఫ్ చెప్పడం అలవాటైన పిల్లకు అది రాయడం బరువు కాదు.

మన పిల్లలకు గ్రాఫులు తెలియవా అంటే, తెలుసు. పది, ఇంటర్ ఇంగ్లీషు పేపర్లలో పై చార్టులు, బార్ చార్టులు, ట్రీ డయాగ్రాములు ఉంటాయి. పేరా చదివి చార్టు గీస్తారు, చార్టు చూసి పేరా రాస్తారు. మార్కులూ వస్తాయి. లేచి నిలబడి ఈ చార్టులో ఏముందో చెప్పు అని మాత్రం పన్నెండేళ్లలో ఏ ఒక్కరూ అడగరు. తెలంగాణ ఇంటర్ బోర్డు 2023-24 నుంచి ఇంగ్లీషుకు కూడా 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టింది. నోటికి కూడా మార్కులుంటేనే కాలేజీలు నోటి వైపు చూస్తాయి. నా మటుకు నేను ఆ నిర్ణయాన్ని మెచ్చుకుంటాను.

బస్టాండు ఫోటో

పరీక్షకు సిద్ధమవుతున్న ఒకమ్మాయి ఇంట్లో చూసింది చెబుతాను. వాళ్లమ్మ కువైట్‌లో చాలా ఏళ్లు ఇంటిపని చేసి తిరిగొచ్చింది. అమ్మాయి ఫోన్లో రాయచోటి ఆర్టీసీ బస్టాండు ఫోటో ఉంది, సాయంత్రం తీసింది. టైమరు పెట్టుకుని మొదలుపెట్టింది.

"ఇన్ దిస్ పిక్చర్ బస్ ఈజ్ దేర్. పీపుల్ ఆర్ దేర్. బ్యాగ్స్ ఆర్ దేర్. ఒన్ ఓల్డ్ మ్యాన్ ఈజ్ దేర్..."

అక్కడ ఆగింది. ఇంకా చాలా టైము మిగిలింది. "ఇంకేం చెప్పాల్నో తెలీడంలా" అని ఫోను మంచం మీద పెట్టేసింది.

గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న వాళ్లమ్మ చెయ్యి తుడుచుకుని ఫోను తీసుకుంది. "ఏం తెలీడంలా మే? ఆ పెద్దాయన యాడికో పోవల్ల, బస్సు తప్పిపోయినట్టుంది. సంచి మీద చెయ్యి తియ్యకుండా కూచోనుండాడు చూడు. ఎనకాల పిల్ల వాళ్లమ్మ తొడ మీద పడుకోని నిద్రపోతాండాది. కండక్టరు గట్టిగా అరుస్తాండాడు, నోరు చూడు ఎంత తెర్చినాడో. పొద్దుగుంకే యాళ, నీడలు పొడుగ్గా పడినాయి. కడప బస్సు కదలబోతాంది, అందుకే ఆ పిలగాడు ఉరుకుతాండాడు."

అరనిమిషం కూడా పట్టలేదు. ఆమె చెప్పిన ప్రతి ముక్కలోనూ పరీక్ష పెట్టేవాళ్లు వెతికేది ఉంది. పెద్దాయన ఉన్నాడని ఊరుకోలేదు, ఏం చేస్తున్నాడో చెప్పింది. బస్సు తప్పిపోయినట్టుంది అని ఊహించింది, ఆ ఊహకు ఆధారంగా సంచి మీద చెయ్యి చూపించింది. సాయంత్రం అని నీడల్ని బట్టి పట్టుకుంది. పిలగాడి పరుగుకూ బస్సు కదలడానికీ ముడి వేసింది. వెనకాల ఏముందో, ముందర ఏముందో తేడా చెప్పింది. ఇవన్నీ ఇంగ్లీషులో చెప్పడానికి పెద్ద పదాలు ఏమీ అక్కర్లేదు. ఎనిమిదో తరగతి ఇంగ్లీషు చాలు.

ఆ తర్వాత జరిగిందే అసలు పాఠం. అమ్మ ఒక్కో వాక్యం తెలుగులో చెప్పడం, కూతురు దాన్ని ఇంగ్లీషులో పెట్టడం. "యాన్ ఓల్డ్ మ్యాన్ ఈజ్ సిట్టింగ్ విత్ హిజ్ హ్యాండ్ ఆన్ ఎ బ్యాగ్. హీ ప్రాబబ్లీ మిస్డ్ హిజ్ బస్." రెండో వాక్యానికి అమ్మాయే నవ్వింది, ఇంత సులభమా అని. "ఎ బాయ్ ఈజ్ రన్నింగ్ బికాజ్ ద బస్ ఈజ్ అబౌట్ టు లీవ్." మూడోసారి చెప్పేటప్పటికి 40 సెకన్లు చాలలేదు.

నేను గమనించింది ఏమంటే, ఆ పిల్లకు ఇంగ్లీషు పదాలు ముందునుంచీ ఉన్నాయి. లేనిది చూపు. ఫోటో కనిపించగానే కళ్లు బొమ్మ మీద కాకుండా బుర్రలో దాచుకున్న ఇంగ్లీషు వాక్యాల మీద పడుతున్నాయి. ఏ వాక్యం పనికొస్తుందా అని లోపల వెతుక్కుంటూ ఉంటే బయట బొమ్మ కనపడదు. అందుకే వస్తువుల పేర్ల జాబితా వస్తుంది, అది అయిపోగానే నోరు ఆగిపోతుంది. ముందు తెలుగులో, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఉర్దూలో, బొమ్మను తృప్తిగా చూసి చెప్పనివ్వండి. రాయచోటిలో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు కొదవ లేదు. ఒక భాష నుంచి ఇంకో భాషకు మళ్లడం వాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటే. దాన్ని పరీక్షకు వాడుకోమని ఎవరూ చెప్పడం లేదు, అంతే.

కంఠస్థం చేసిన వాక్యాలు

కోచింగ్ సెంటర్లలో, యూట్యూబ్‌లో టెంప్లేట్లు దొరుకుతాయి. ఈ బొమ్మ చాలా ముఖ్యమైన సమాచారం ఇస్తోంది, ఇందులో రకరకాల రంగులున్నాయి, మొత్తం మీద చూస్తే ఇది ఎంతో ఉపయోగకరం... ఏ బొమ్మకైనా అతికే ఐదారు వాక్యాలు బట్టీ పట్టించి, మధ్యలో రెండు పదాలు మార్చి చెప్పమంటారు. కొన్నాళ్లు కొందరికి అది పనిచేసిందన్నది నిజమే. మాట ఆగకుండా సాగితే ఫ్లూయెన్సీ మార్కులు పడేవి.

ఇప్పుడు దానిమీద ఆధారపడితే నష్టం. పీటీఈలో ఈ ప్రశ్నకు మూడు రకాలుగా మార్కులు వేస్తారు, విషయానికి, ధారాళంగా మాట్లాడటానికి, ఉచ్చారణకు. విషయంలో సున్నా వస్తే మిగతా రెండూ లెక్కలోకి రావు. 2025 ఆగస్టు 7 నుంచి ఈ పరీక్షలో రెండు కొత్త స్పీకింగ్ ప్రశ్నలు చేర్చారు. ఒక పరిస్థితి ఇచ్చి నువ్వైతే ఏమంటావని అడిగేది ఒకటి, కొందరి చర్చ వినిపించి సారాంశం చెప్పమనేది ఇంకొకటి. బట్టీ పట్టిన జవాబుల్ని పట్టుకోవడానికి యంత్రంతో పాటు మనుషులు చూసే ఏర్పాటు కూడా పెంచారు. బొమ్మలో ఉన్నదాన్ని వదిలేసి ఎక్కడైనా చెల్లే మాటలు చెప్పేవాళ్లకు ఇది గడ్డుకాలం.

మార్కుల సంగతి అట్లా ఉంచి, టెంప్లేటు మీద నాకు ఇంకో కోపం ఉంది. అది పిల్లకు తన కళ్లమీద నమ్మకం లేకుండా చేస్తుంది. రేపు మెల్‌బోర్న్‌లో ఒక అంగట్లో పార్ట్‌టైమ్ పనికి చేరితే, ఫ్రిజ్ కింద నీళ్లు కారుతున్నాయని మేనేజరుకు చెప్పాలి. పక్క గదిలో ఉండే పిల్లకు ఒంట్లో బాగాలేకపోతే డాక్టరుకు ఫోను చేసి ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, ఇప్పుడెట్లా ఉందో చెప్పాలి. అవన్నీ చూసి చెప్పే పనులే. అక్కడ ఏ టెంప్లేటూ ఆదుకోదు. పరీక్షకు సిద్ధం కావడమూ, ఆ బతుకుకు సిద్ధం కావడమూ ఒకే సాధనతో జరిగేటప్పుడు బట్టీ ఎందుకు పట్టించాలి?

గ్రాఫ్ వస్తే

ఫోటో కంటే గ్రాఫ్‌కు పిల్లలు ఎక్కువ భయపడతారు. నిజానికి అదే తేలిక. ఒకటి తీసుకుని చూద్దాం. మన దేశంలో అక్షరాస్యత శాతం, జనాభా లెక్కల ప్రకారం: 1951లో 18.33, 1961లో 28.3, 1971లో 34.45, 1981లో 43.57, 1991లో 52.21, 2001లో 64.84, 2011లో (తొలి లెక్క) 74.04.

ఏడు అంకెలున్నాయి. చాలామంది వరసగా ఏడూ చదువుతారు. సెకన్లన్నీ అంకెలకే అయిపోతాయి, చెప్పింది వినేవాడికి ఏమీ అందదు. ఏడింటిలో మూడు చాలు. ఎక్కడ మొదలైంది, ఎక్కడికి చేరింది, మధ్యలో ఎక్కడ పెద్ద మార్పు వచ్చింది. మొదలు సుమారు 18, చివర సుమారు 74, అంటే అరవై ఏళ్లలో నాలుగు రెట్లు. పెద్ద అంగ 1991కీ 2001కీ మధ్య పడింది, పన్నెండు శాతం పైన. ఎక్కడా తగ్గలేదు. ఇంత చూడటానికి 25 సెకన్లు ధారాళంగా సరిపోతాయి.

పీటీఈ సెంటర్లో చెరిపి రాసుకునే బోర్డు, పెన్ను ఇస్తారు. దానిమీద వాక్యాలు రాయబోతే మునిగిపోతారు. 18, 74, 4 రెట్లు, 91-01, ఈ నాలుగు ముక్కలు చాలు. దశాంశాలు పలకక్కర్లేదు. అబౌట్ ఎయిటీన్ పర్సెంట్ అంటే సరిపోతుంది. చివర్లో ఒక్క మాట, ఈ గ్రాఫ్ మొత్తం ఏం చెబుతోందో చెప్పాలి: 2011 నాటికి కూడా నలుగురిలో ఒకరు చదువుకు బయటే ఉన్నారు. గ్రాఫులో ఆ మాట రాసి ఉండదు. 74ను నూట్లోంచి తీసేస్తే వస్తుంది. అంకెల మధ్య సంబంధం పట్టుకోవడమంటే అదే, మార్కులు కూడా అక్కడే పడతాయి.

మామూలు వేగంతో మాట్లాడితే 40 సెకన్లలో ఆరేడు వాక్యాలు పడతాయి. అంతకు మించి తొక్కేస్తే మాట నలిగిపోతుంది.

మ్యాపు వస్తే దిక్కులు చెప్పడం రావాలి. రాయచోటి పిల్లకు ఇంతకంటే సులభమైన సాధన లేదు. ఉత్తరాన కడప, దక్షిణాన మదనపల్లె, తూర్పున రాజంపేట, పడమర కదిరి. కర్నూలు నుంచి కడప మీదుగా చిత్తూరు వైపు పోయే 40వ నంబరు జాతీయ రహదారి ఊరిని తాకుతూ పోతుంది. కాగితం మీద ఊరి మ్యాపు గీసుకుని బస్టాండు నుంచి వీరభద్రస్వామి గుడికి దారి ఇంగ్లీషులో చెప్పమనండి. ఎడమకు తిరగడం, దాటడం, ఎదురుగా ఉండటం, పక్కన ఉండటం, మ్యాపు ప్రశ్నకు కావలసిన మాటలన్నీ ఆ ఒక్క దారిలో వచ్చేస్తాయి.

పని వరస చూపించే చిత్రాలకు కూడా బయట వెతకక్కర్లేదు. గువ్వలచెరువులో పాలు కోవా అయ్యే తీరు చాలు. పెద్ద బాణలిలో పాలు పోసి, సన్నని మంట మీద గరిటెతో కలుపుతూ, చిక్కబడ్డాక చక్కెర వేసి, దింపి, ఆరాక ఆకారం చేస్తారు. మొదట, తర్వాత, ఆ పైన, చివరికి. ఈ వరస ఇంగ్లీషులో ఒకసారి చెప్పగలిగిన పిల్ల, సిమెంటు తయారీ బొమ్మ వచ్చినా తడబడదు.

నాలుక దగ్గర చిక్కులు

తెలుగు నోటికి ఇంగ్లీషులో కొన్ని చోట్ల అడ్డు తగులుతుంది. వాటిని ముందే తెలుసుకుంటే సగం పని అయినట్టే.

మనం ముందు చోటు చెప్పి తర్వాత వస్తువు చెబుతాం, చెట్టు కింద ఆవు అని. ఇంగ్లీషులో ఆవు ముందొస్తుంది. ఈ తిరగేత నోటికి పట్టుబడక పిల్లలు వాక్యం మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెడతారు. యంత్రం దగ్గర అట్లా వెనక్కి పోవడం చేటు చేస్తుంది. తప్పు దొర్లినా ముందుకు పోవడమే మేలు. ఇక మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్సు, రోడ్డు, బ్యాగు అనడం నాలుకకు అలవాటు. ఇంగ్లీషులో ఆ చివరి ఉకారం కత్తిరించాలి. ఉచ్చారణ అంటే తెల్లదొరల యాస తెచ్చిపెట్టుకోవడం కాదు, పదం ఎక్కడ ఆగుతుందో తెలియడం. కొందరు కోచింగుల్లో ముక్కుతో మాట్లాడటం నేర్పుతున్నారు. దానివల్ల స్పష్టత పోతుందే తప్ప ఒక్క మార్కు పెరగదు. రాయచోటి గొంతుతో, రాయచోటి వేగాన్ని కొంచెం తగ్గించి, పదాలు విడివిడిగా వినపడేట్టు పలికితే చాలు.

బొమ్మలో జరుగుతున్న పని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి. ఈజ్ వాకింగ్, ఆర్ వెయిటింగ్. ఇది మన పిల్లలకు బాగానే వస్తుంది. రానిది ఊహ చెప్పడం. మే బీ, ప్రాబబ్లీ, ఇట్ లుక్స్ లైక్ అనే నాలుగైదు మాటలు నాలుక మీద ఆడితే, పోయినట్టుంది, రాబోతున్నట్టుంది అని మన అమ్మలు రోజూ చెప్పే మాటలన్నింటికీ ఇంగ్లీషు దొరుకుతుంది. సెల్పిప్‌లో తర్వాత ఏం జరగవచ్చని అడిగే ప్రశ్నకు సగం జవాబు ఆ మాటల్లోనే ఉంది.

బొమ్మతో భాష, పాత దారే

బొమ్మతో భాష నేర్పడం పరీక్షల కంపెనీలు కనిపెట్టింది కాదు. కొమేనియస్ అనే చెక్ పండితుడు 1658లో న్యూరెంబర్గ్‌లో పిల్లల కోసం బొమ్మల పుస్తకం అచ్చువేయించాడు. పేజీకో బొమ్మ, అందులోని వస్తువులకు అంకెలు, పక్కన లాటిన్‌లోనూ జర్మన్‌లోనూ వాటి సంగతి. చూడు, పేరు తెలుసుకో, వాక్యంలో పెట్టు. ఇప్పటి ప్రశ్నకు మూలం అక్కడే ఉంది.

మన దగ్గరా ఉంది. చందమామ చదివిన తరానికి ఫోటో వ్యాఖ్యల పోటీ గుర్తుంటుంది. రెండు ఫోటోలు పక్కపక్కన అచ్చేసి, రెండింటికీ జతకుదిరే మాటలు రాసి పంపమనేవారు. ఊరూరా పిల్లలు పోస్టుకార్డులు పట్టుకుని ఆ రెండు బొమ్మల మధ్య పోలిక ఏమిటి, తేడా ఏమిటి అని తలలు బద్దలు కొట్టుకునేవారు. కేంబ్రిడ్జి పరీక్షలో రెండు ఫోటోలు ఇచ్చి అడిగేది కూడా పోలికా తేడానే. 1947లో ఆ పత్రికను మొదలుపెట్టిన బి.నాగిరెడ్డి పుట్టింది మన కడప జిల్లా పొట్టిపాడులో.

పరీక్ష కోసం పరాయి భాష నేర్చుకున్న మనిషి కూడా ఈ జిల్లాకు కొత్తకాదు. సి.పి.బ్రౌన్ 1817లో మద్రాసులో దిగి, ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీలో తెలుగు చదివి, పరీక్ష ప్యాసయ్యాకే 1820లో ఉద్యోగానికి కడప వచ్చాడు. పుస్తకాల తెలుగుతో వచ్చిన ఆయనకు ఇక్కడి రైతులతో, కచేరీకి వచ్చే జనంతో మాట్లాడాల్సి వచ్చింది. ఆయన రాసిన తెలుగు నిఘంటువు 1852 నాటికి గాని అచ్చు కాలేదు. పరీక్ష ప్యాసయ్యాక ముప్పై ఏళ్ల చదువు అది. కడపలో ఆయన పేరుతో ఉన్న గ్రంథాలయానికి ఈ పిల్లల్ని ఒకసారి తీసుకుపోతే బాగుంటుంది.

ప్రభుత్వ బడుల్లో కూడా ఈ దారిలో ఒక ప్రయత్నం జరిగింది. 2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టోఫెల్ పరీక్షలు పెట్టే ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుంది. చిన్న తరగతులకు టోఫెల్ ప్రైమరీ, ఆరు నుంచి పై తరగతులకు టోఫెల్ జూనియర్. ఈ జూనియర్ పరీక్షకు ఉన్న స్పీకింగ్ విభాగంలో ఆరు బొమ్మలు వరసగా చూపించి కథ చెప్పమనే ప్రశ్న ఉంటుంది. ప్రభుత్వం మారాక 2024లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. పల్లెటూరి పిల్లలకు అంత ఖర్చుతో ఆ పరీక్ష అవసరమా అన్న వాదన అప్పుడూ నడిచింది. పరీక్ష సంగతి ఎట్లా ఉన్నా, ఆరు బొమ్మలు చూసి కథ చెప్పించే పనికి ఏ ఒప్పందమూ అక్కర్లేదు. బడులు బాగుచేసే నాడు-నేడు పథకం కింద చాలా హైస్కూళ్లకు పెద్ద డిజిటల్ ప్యానెళ్లు వచ్చాయి. ఇంగ్లీషు పీరియడులో మొదటి ఐదు నిమిషాలు దానిమీద ఒక ఫోటో వేసి, రోజుకు ముగ్గురు పిల్లల్ని లేపి చెప్పమంటే, పదో తరగతి దాటేసరికి ఒక్కో పిల్లా ఎన్నో బొమ్మలు చెప్పి ఉంటుంది. ఇంగ్లీషు టీచర్లను నేను అడిగేది ఈ ఐదు నిమిషాలే.

ఇంట్లో, వీధిలో సాధన

నెలా రెండు నెలల్లో పరీక్ష ఉన్నవాళ్లకు ఖరీదైన సామగ్రి ఏమీ వద్దు. ఫోన్లో కెమెరా ఉంది, రికార్డరు ఉంది, టైమరు ఉంది. రోజూ బయటికి పోయినప్పుడు రెండు ఫోటోలు తీసుకోండి. టమోటా బండ్లు, మామిడికాయల గంపలు, గుడి ముందు పూల అంగళ్లు, మసీదు దగ్గర శుక్రవారం జనం. రాత్రికి వాటిమీద మాట్లాడి రికార్డు చేసుకుని, ఒక రోజు ఆగి వినండి. వెంటనే వింటే మన తప్పులు మనకు వినపడవు. ఆగిన చోట్లు, ఒకే మాట పదేపదే వాడిన చోట్లు, దేర్ అని ముగిసిన వాక్యాలు, మర్నాడు చెవికి గట్టిగా తగులుతాయి.

వినడానికి ఇంట్లో ఒక మనిషిని కూర్చోబెట్టుకోవడం ఇంకా మంచిది. ఇంగ్లీషు రాని జేజి అయినా పనికొస్తుంది. ఫోటో ఆమెకు చూపించకుండా మొదట తెలుగులో వర్ణించి, ఆమెకు బొమ్మ కళ్ల ముందు కట్టిందో లేదో అడగండి. ఆమె వేసే ప్రశ్నలు, యాడ కూచోనుండాడు, ఎవురితో మాట్లాడతాండాడు, అవే మీరు ఇంగ్లీషు జవాబులో మరచిపోయిన సంగతులు.

నిశ్శబ్దంగా ఉన్న గదిలో మాత్రమే సాధన చేయకండి. పరీక్ష సెంటర్లో ఒకే హాల్లో చాలామంది ఒకేసారి మాట్లాడుతుంటారు. పక్క సీటువాడి గొంతు హెడ్‌ఫోన్ దాటి చెవిలో పడుతుంది. తలుపులేసుకుని మాక్ టెస్టులు రాసినవాళ్లు అక్కడ చెదిరిపోతారు. టీవీ మోగుతున్న హాల్లో, వీలైతే బస్టాండు బెంచీ మీద కూర్చుని మాట్లాడటం అలవాటు చేసుకుంటే ఆ గోల లెక్కలోకి రాదు. జనం చూస్తారని సిగ్గుపడొద్దు.

రాయచోటి నుంచి సెంటరుకు బెంగళూరో, చెన్నైనో, విజయవాడో, హైదరాబాదో పోవాల్సి రావచ్చు. రాత్రంతా బస్సులో కూర్చుని పొద్దున్నే నేరుగా సెంటర్లో దిగితే గొంతూ పలకదు, బుర్రా పలకదు. ఖర్చయినా ఒక రోజు ముందు చేరుకోవాలి. వేలు పోసి కట్టిన ఫీజు ముందు ఒక రాత్రి లాడ్జి అద్దె ఎక్కువేం కాదు. బుకింగులో రాసిన పేరు పాస్‌పోర్టులోని పేరుతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. ఇంటిపేరు ముందుండటం, ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మన పాస్‌పోర్టుల్లో మామూలే కాబట్టి, డబ్బు కట్టకముందే పరీక్ష సంస్థ వెబ్‌సైటులో దానికి ఏం చేయమన్నారో చదువుకోవాలి. పీటీఈ ఫలితం మామూలుగా రెండు రోజుల్లో వస్తుంది, ఆ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది. స్పీకింగులో తక్కువ వస్తే వెంటనే మళ్లీ బుక్ చేయకండి. స్కోరు రిపోర్టు పక్కన పెట్టుకుని మీ పాత రికార్డింగులు మొదటి నుంచి విని, ఎక్కడ చూపు తప్పిందో, ఎక్కడ నోరు తప్పిందో విడదీసుకుని, అప్పుడు తేదీ పెట్టుకోండి.